చెవి తెలుగైనది, కన్ను ఇంకా కాలేదు: పులిదిండి సాల్మన్ రాజ్ చిత్రకళకు మూలములు – ఒక పరిశీలన

1. ప్రవేశము

తెలుగు క్రైస్తవ సంఘము పాటలో తెలుగైనంతగా చిత్రములో తెలుగు కాలేదు. ఈ లోటు వలన మన విశ్వాసమునకు కలిగిన నష్టమేమిటో గుర్తించి, దానిని పూడ్చుటకు శ్రమించిన ఒక తెలుగు చిత్రకారుని కళకు మూలములేవో పరిశీలించుటయే ఈ వ్యాసము ఉద్దేశ్యము. ఆయన డాక్టర్ పులిదిండి సాల్మన్ రాజ్ (1921–2019). ఆయన లూథరన్ సంఘకాపరి, దైవశాస్త్ర పరిశోధకుడు, చిత్రకారుడు. ఆసియా క్రైస్తవ చిత్రకళను గూర్చి రాసేవారికి ఆయన పేరు బాగా తెలుసు. తెలుగు సంఘములలో మాత్రము ఆ పేరు తెలిసినవారు తక్కువ. ఈ తారుమారు ఎందుకు జరిగినదో కూడా మనము ఆలోచించాలి.

ముందుగా పాట సంగతి చూద్దాము. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలుకొని అనేకులు క్రీస్తును తెలుగు రాగములలో, తెలుగు తాళములలో కీర్తించారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరిస్తే కీర్తన తలమీద రాగము పేరు, తాళము పేరు కనిపిస్తాయి. చదువు రాని తల్లి కూడా ఆ కీర్తనలను కంఠతః పాడుతుంది. ఆమెకు ఆ పాట పరాయిది కాదు. పొలములో నాట్లు వేస్తూ పాడుకున్నా అతుకుతుంది, మందిరములో పాడినా అతుకుతుంది.

ఇప్పుడు అదే మందిరపు గోడ చూద్దాము. సదుం, పుంగనూరు, మదనపల్లె, కుప్పం ప్రాంతములలో గాని, కోస్తా జిల్లాలలో గాని, విశ్వాసుల ఇంటి గోడ మీద తరచుగా కనిపించేది పాశ్చాత్య ముఖమే. జర్మనీ చిత్రకారుడు హైన్రిఖ్ హాఫ్‌మన్ (1824–1911) గీసిన గెత్సేమనే ప్రార్థన, అమెరికాలో వార్నర్ సాల్‌మన్ 1940లో గీసిన క్రీస్తు ముఖము, లేదా వాటిని చూసి శివకాశిలో అచ్చువేసిన క్యాలెండర్లు. సాల్‌మన్ చిత్రము ఒక్కటే లోకమంతటా 50 కోట్లకు పైగా ప్రతులు అచ్చయినదని చెప్తారు. 1978లో వచ్చిన 'కరుణామయుడు' చలనచిత్రములో తెలుగు నటుడు విజయచందర్ ప్రభువు పాత్ర ధరించినా, ఆయన వేషమును ఆ పాత క్యాలెండరు బొమ్మను బట్టియే దిద్దారు. ముఖము తెలుగుదే, ఊహ మాత్రము అరువుది.

దీనిలో నష్టమేమున్నదని కొందరు అడుగవచ్చు. నష్టము రంగులో లేదు, ఆ రంగు చెప్పే మాటలో ఉన్నది. సండే స్కూలులో కూర్చున్న నల్లని పిల్లవాడు, తన తండ్రికి గాని తాతకు గాని ఏ మాత్రము పోలిక లేని ప్రభువును ఏటేటా చూస్తాడు. ఆ ప్రభువు కాళ్ళకు దుమ్ము అంటదు, బట్ట మాయదు. చేతులు ఎన్నడూ పని చేసినట్లు కనిపించవు. "వాక్యము శరీరధారియైనది" అని మనము ప్రసంగిస్తాము. ఆ శరీరము మాత్రము ఆ పిల్లవాని వంటిది కాదని గోడ మీది బొమ్మ నెమ్మదిగా చెప్తూనే ఉంటుంది. ప్రసంగము వారమునకు ఒక గంట, బొమ్మ ఏడాది పొడవునా.

2. చిత్రకారుని జీవితరేఖలు

సాల్మన్ రాజ్ 1921లో ఆంధ్రదేశములో జన్మించారు. ఆయన సేవ చేసినది ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘములో. 1842లో హెయర్ దొర గుంటూరుకు వచ్చి ఆరంభించిన పరిచర్య 1927లో ఈ సంఘముగా ఏర్పడినది. ఆయన కుంచె పట్టిన సంఘకాపరి మాత్రమే గాక, ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయములో డాక్టరేటు పొందిన పరిశోధకుడు కూడా. విజయవాడలో సెయింట్ లూక్స్ లలితకళా ఆశ్రమమును స్థాపించి, బాతిక్ వస్త్రచిత్రములు, చెక్క అచ్చు చిత్రములు చేశారు. చిత్రముల ప్రక్కన ధ్యానములు రాశారు. 2019లో ప్రభువు పిలుపు అందుకున్నారు.

ఆశ్రమమునకు లూకా పేరు పెట్టుట యాదృచ్ఛికము కాదని మేము తలంచుచున్నాము. సువార్తికుడైన లూకా చిత్రకారుడు కూడానని సంఘ సాంప్రదాయము చెప్తున్నది. అది చరిత్రకు నిలబడకపోవచ్చును గాని, చిత్రకారులు తరతరాలుగా ఆయనను తమ పోషకునిగా ఎంచుకున్నారు. ఇక 'లలితకళ', 'ఆశ్రమము' అను రెండు మాటలు మన దేశపువి. ఆ ఒక్క పేరులోనే ఆయన మార్గము కొంత కనబడుతుంది. సువార్త లూకాది, నివాసము ఈ నేల మీద. ఆయన ప్రేరణకు మూలములు మేము గమనించినంతలో నాలుగు. వాటిని వరుసగా చూద్దాము.

3. మొదటి మూలము: సామాన్యుల విశ్వాసము

సాల్మన్ రాజ్ బర్మింగ్‌హామ్ పరిశోధనకు ఎన్నుకున్న అంశము చిత్రకళ కాదు. ముంగమూరి దేవదాసు అయ్యగారు స్థాపించిన బైబిలు మిషను. దేవదాసు అయ్యగారు లూథరన్ సంఘములో సేవ చేసి, 1938లో బైబిలు మిషనును ఆరంభించి, 1960లో పరమపదించారు. ఆ పరిశోధన 1986లో ఇంగ్లీషు గ్రంథముగా వెలువడినది. దాని పేరులోనే ఆయన ఈ ఉద్యమమును భారతదేశములోని ఒక జానపద క్రైస్తవ మతముగా పిలిచారు. తరువాత 2003లో కోస్తా ఆంధ్రలోని స్వదేశీ మిషనుల చరిత్రను మరొక గ్రంథముగా ప్రచురించారు. దానికి పెట్టిన పేరు 'కొత్త తిత్తులు' అనే అర్థము ఇచ్చేది.

ఒక చిత్రకారుడు ఇన్ని సంవత్సరములు ఈ అంశము మీద ఎందుకు వెచ్చించినట్లు? మా అభిప్రాయములో ఆయన చిత్రములకు తాళపుచెవి ఇక్కడే ఉన్నది. బైబిలు మిషనులోని దేవుని సన్నిధిలో కనిపెట్టుట, స్వప్నములు, దర్శనములు, స్వస్థత ప్రార్థనలు, రాత్రంతా సాగే పాటలు – ఇవి మిషనరీ దొరలు నేర్పిన పద్ధతులు కావు. సామాన్యులు సువార్తను తమ పద్ధతిలో పట్టుకున్న తీరు ఇది. దేవదాసు అయ్యగారి ఉపదేశముతో ఏకీభవించని వారు మనలో ఉండవచ్చు. లూథరన్ పండితుడైన సాల్మన్ రాజ్ దానిని నిందించుటకు గాని, పొగడుటకు గాని గాక, గ్రహించుటకు పూనుకున్నారు. దర్శనము అనగా చూచుట. అక్షరము రాని విశ్వాసి దేవుని 'చూచెను' అని సాక్ష్యమిచ్చినప్పుడు ఆ చూపులో ఏ రూపములు ఉంటవి అను ప్రశ్న చిత్రకారునికి గాక మరెవరికి ముఖ్యము?

అనగా ఆయన ముందు సామాన్యుల భక్తిని విన్నారు. ఇది మన సెమినరీలలో తరచుగా తలక్రిందులు చేసే వరుస. సందర్భీకరణ అనగానే మనము ముందు సిద్ధాంతమును రాసి, ఆ తరువాత దానికి స్థానిక అలంకారము అతికిస్తాము.

4. రెండవ మూలము: భారతీయ క్రైస్తవ చిత్రకళ, దానిలోని చీలిక

క్రీస్తును భారతీయ రూపములో చూపుట సాల్మన్ రాజ్‌తో మొదలైనది కాదు. ఆ వెదకులాటలో ఒక తరంగము మన మదనపల్లె మీదుగా కూడా పోయినది. 1919లో రవీంద్రనాథ్ టాగోర్ మదనపల్లె వచ్చి, దివ్యజ్ఞాన సమాజపు కళాశాలలో బసచేసి, 'జనగణమన'ను ఇంగ్లీషులోనికి తర్జుమా చేసిన సంగతి మన ప్రాంతములో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆయనకు ఆతిథ్యమిచ్చిన జేమ్స్ కజిన్స్ కవి మాత్రమే కాదు. బెంగాలు చిత్రకారుల పనిని దక్షిణాదికి పరిచయము చేసినవారిలో ముఖ్యుడు. పాశ్చాత్య పద్ధతిని అనుకరించుట మాని, అజంతా కుడ్యచిత్రములను, మొగలు, రాజపుత్ర చిత్రములను మరల చదువుకోవాలని ఆ బెంగాలు ఉద్యమము పిలుపునిచ్చినది.

ఆ పిలుపు క్రైస్తవ చిత్రకారులను కూడా తాకినది. గోవాకు చెందిన ఏంజెలో ద ఫొన్సెకా (1902–1967) అవనీంద్రనాథ్ టాగోర్, నందలాల్ బోస్‌ల వద్ద నేర్చుకొని, మరియమ్మను చీరకట్టులో చిత్రించారు. సొంత గోవాలో అందుకు విమర్శకు గురియై, పూణేలోని క్రీస్తు ప్రేమ సేవా ఆశ్రమములో నిలిచి పని చేశారు. ఆంగ్లికన్ సంఘమునకు చెందిన ఆల్ఫ్రెడ్ థామస్ గీసిన క్రీస్తు జీవిత చిత్రమాల 1948లో లండనులో పుస్తకముగా వచ్చినది. ఆజంగఢ్‌లో పుట్టిన ఫ్రాంక్ వెస్లీ (1923–2002) ఇదే బాటలో ఎన్నో చిత్రములు చేశారు. క్రైస్తవుడు కాని జామినీ రాయ్ (1887–1972) కూడా బెంగాలు పటచిత్రపు గీతలో క్రీస్తును అనేక పర్యాయములు చిత్రించారు.

వీరందరి ఋణము సాల్మన్ రాజ్‌కు ఉన్నది, మనకూ ఉన్నది. అయితే ఇక్కడ ఒక చీలికను గమనించాలి. 'భారతీయము' అన్నప్పుడు ఏ భారతము? థామస్ వంటి చిత్రకారుల క్రీస్తు సుకుమారుడు. ఆయన శరీరములో బుద్ధుని శాంతము, రాజకుమారుని లాలిత్యము ఉన్నవి. చేతి ముద్రలు, తామరపువ్వు, కాషాయము, పద్మాసనము – ఇవన్నీ గొప్ప సంప్రదాయమునకు చెందినవే. కాని ఆ సంప్రదాయపు గర్భగుడిలోనికి మన తాత ముత్తాతలలో అనేకులకు ప్రవేశము ఉండేది కాదు. యూరోపు దొర రూపమును తీసివేసి అగ్రకులపు రూపమును పెట్టినంత మాత్రమున, సండే స్కూలులోని ఆ నల్లని పిల్లవానికి ప్రభువు దగ్గర కాడు. దూరము మారినది గాని తగ్గలేదు.

జామినీ రాయ్ దీనికి వేరొక దారి చూపారు. ఆయన శాస్త్రీయ కళను విడిచి పల్లె పటములను ఆశ్రయించారు. సాల్మన్ రాజ్ నిలిచినది కూడా ఈ రెండవ వైపే. ఆయన చిత్రములలోని మనుష్యులు పల్లె మనుష్యులు. గీత మొద్దుగా, గట్టిగా ఉంటుంది. లాలిత్యము కొరకు ఆయన పాకులాడరు.

5. మూడవ మూలము: చేతిపని

చిత్రకారుని దైవశాస్త్రమును అతని విషయములలోనే గాక, అతని పనిముట్లలో కూడా చదవవచ్చును. ఆయన ఎక్కువగా వాడినవి రెండు. ఒకటి బాతిక్, రెండవది చెక్క అచ్చు.

బాతిక్ జావా ద్వీపములో పేరుపొందిన పని. 1927లో టాగోర్ జావా యాత్ర చేసిన తరువాత శాంతినికేతనమునకు, అక్కడినుండి దేశములోని కళాశాలలకు వ్యాపించినది. అయితే మైనము పూసి రంగును అడ్డుకొనే విద్య మన కోరమాండల్ తీరపు అద్దకము వారికి క్రొత్తది కాదు. నీలిమందులో ముంచేటప్పుడు నీలము తగలకూడని చోట వారు మైనము పూసేవారు.

ఇక్కడ మన ప్రాంతపు శ్రీకాళహస్తి కలంకారీని తలంచకుండా ఉండలేము. 2022 వరకు మనదీ వారిదీ ఒకే చిత్తూరు జిల్లా. బట్టను కరక్కాయ, గేదె పాలు కలిపిన నీటిలో నానబెట్టి ఆరబెడతారు. వెదురు కలముతో, తుప్పు ఇనుము, బెల్లము కలిపి పులియబెట్టిన నల్లని ద్రవముతో గీత గీస్తారు. పటిక అద్ది ఎరుపు ఎక్కిస్తారు. పారే నీటిలో జాడిస్తారు, ఎండలో ఆరవేస్తారు, మరల మొదలుపెడతారు. కథను గడులు గడులుగా విభజించి, గడి క్రింద తెలుగు అక్షరములతో కథ రాస్తారు. రామాయణ, భారతములను రాసిన ఆ కలములే క్రీస్తు కథను కూడా రాసిన సందర్భములు ఉన్నవి. సాల్మన్ రాజ్ చేసినది కలంకారీ కాదు. అయినను బొమ్మ ప్రక్కన మాట, మాట ప్రక్కన బొమ్మ అనే ఆయన పద్ధతి ఈ తెలుగు అలవాటుకు చాలా దగ్గర. ఆయన బాతిక్‌లు, ధ్యానములు కలిపిన ఇంగ్లీషు పుస్తకము 1993లో వచ్చినది. 'సజీవ జ్వాల, ఊరే ఊట' అని దాని పేరునకు అర్థము. నిప్పు, నీరు – రెండూ లేఖనములలో పరిశుద్ధాత్మకు గురుతులు. రెండూ లేనిదే బాతిక్ తయారు కాదు. మైనము కరుగుటకు నిప్పు, రంగు పట్టుటకు నీరు కావాలి.

తైలవర్ణ చిత్రములో వెలుగు చూపాలంటే చిత్రకారుడు తెల్లరంగును పైన పూస్తాడు. బాతిక్‌లో అలా కుదరదు. మొదటనే వెలుగు ఉండవలసిన చోట మైనము పూసి కాపాడుకోవాలి. లేత రంగునుండి ముదురు రంగునకు ఒక్కొక్క మునక వేస్తూ పోవాలి. చివరకు మైనము తీసినప్పుడు, అన్ని మునకలలోను చీకటి అంటని చోటు బయటపడుతుంది. యోహాను సువార్త 1:5ను దీనికంటె బాగుగా బోధించే పనిముట్టు మాకు తెలియదు. ఇంకొక సంగతి. మైనము అక్కడక్కడ పగులుతుంది. ఆ పగుళ్ళలోనుండి రంగు దారములవలె ప్రాకుతుంది. ఆ గీతలను చిత్రకారుడు పూర్తిగా శాసించలేడు. పని అతని చేతిలో ఉన్నది, ఫలితము కొంత అతని చేతికి మించి ఉన్నది. 2 కొరింథీ 4:7లోని మంటి ఘటమును గూర్చి ప్రసంగించే మనకు ఈ పగుళ్ళు పరాయివి కావు.

చెక్క అచ్చు దీనికి భిన్నము. చెక్కను ఉలితో తొలిచి, మిగిలిన ఎత్తు భాగమునకు సిరా పూసి, కాగితము మీద అచ్చు తీస్తారు. తొలిచినంత మేర తెలుపు, వదలినంత మేర నలుపు. మధ్యలో బూడిద రంగు లేదు, దాక్కొనుటకు నీడ లేదు. ఒక చెక్కనుండి ఎన్నో ప్రతులు తీయవచ్చును గనుక ఇది పేదవాని చిత్రము. లూథరన్ చిత్రకారునికి దీనిలో వంశపారంపర్యము కూడా ఉన్నది. 1522 సెప్టెంబరులో లూథర్ అనువదించిన జర్మను క్రొత్త నిబంధన వెలువడినప్పుడు, ప్రకటన గ్రంథమునకు క్రానాక్ పనిశాలలో చేసిన 21 చెక్క అచ్చు చిత్రములు అందులో ఉన్నవి. ప్రజల భాషలో వాక్యము, ప్రజల చేతికి అందే చిత్రము – ఈ రెండూ ఒకే పుస్తకములో ప్రజలయొద్దకు వచ్చినవి. మనము మొదటిదానిని అందుకున్నాము, రెండవదానిని దారిలో జారవిడిచాము.

6. నాలుగవ మూలము: లూకా సువార్త

సాల్మన్ రాజ్ లూకా సువార్తలోని విమోచనను అంశముగా తీసుకొని చిత్రములు, ధ్యానములు చేశారు. మరియ కీర్తనలో సింహాసనములు తలక్రిందులగుట, నజరేతులో ప్రభువు ప్రకటించిన విడుదల, పరిసయ్యుని ఇంట ఏడ్చిన స్త్రీ, దారిలో పడియున్నవానిని ఎత్తిన సమరయుడు, వాకిట పడియున్న లాజరు – లూకా కన్ను ఎల్లప్పుడు అంచున ఉన్నవారి మీదనే నిలుస్తుంది. ఆ కన్నునే చిత్రకారుడు అరువు తెచ్చుకున్నారు. ఐగుప్తునకు పారిపోయే పరిశుద్ధ కుటుంబము మత్తయి చెప్పిన సంగతి. దానిని కూడా ఆయన చిత్రించారు. ఊరు విడిచి తలదాచుకొనే కాందిశీకుల బాధ ఆ అంశములోనే ఉన్నది.

1981లో బెంగళూరు యునైటెడ్ థియలాజికల్ కళాశాలలో అరవింద్ నిర్మల్ చేసిన ప్రసంగముతో దళిత దైవశాస్త్రము ఆరంభమైనదని చెప్తారు. అది ఎక్కువగా వ్యాసములలో, సదస్సులలో పెరిగినది. తెలుగు క్రైస్తవులలో అధికులు మాల, మాదిగ సముదాయములనుండి వచ్చినవారు. మాలలలో నేతపని చేసినవారు ఎందరో. మాదిగల చేతిలో తోలు, డప్పు ఉన్నవి. బట్టను, చెక్కను, చేతి శ్రమను ఆధారము చేసుకున్న కళలో క్రీస్తు ప్రత్యక్షమైనప్పుడు, ఆ సముదాయముల జ్ఞాపకము కూడా ఆయనతో వచ్చి మందిరములో కూర్చుంటుంది. వ్యాసము చదవలేని విశ్వాసికి దళిత దైవశాస్త్రమును చేరవేయగలిగినది ఇటువంటి చిత్రమేనని మా అభిప్రాయము.

7. కొన్ని విమర్శలు

ఇంతవరకు మూలములను చెప్పితిమి. విమర్శ లేని ప్రశంస చిత్రకారునికి గౌరవము కాదు గనుక, మూడు సంగతులు చెప్పవలసి ఉన్నది.

మొదటిది, బాతిక్ అందము. మైనము, రంగు కలిసినప్పుడు వచ్చే కాంతి కన్నులకు ఎంతో హాయి. సిలువ, ఆకలి, వెలి వంటి అంశములను ఆ కాంతిలో చూపినప్పుడు బాధ తీపియైపోయే ప్రమాదము ఉన్నది. చూచినవాడు "ఎంత బాగున్నది" అని వెళ్ళిపోవచ్చును. ఈ విషయములో ఆయన చెక్క అచ్చులే బలమైనవని మేము తలంచుచున్నాము. అవి హాయినివ్వవు, నిలదీస్తాయి.

రెండవది, పల్లె. మన పడమటి మండలముల యువకులు నేడు పల్లెలో నిలిచి లేరు. కుప్పము నుండి రైలెక్కి బెంగళూరు పోయి పనిచేసేవారు, మదనపల్లె మార్కెట్టులో టమోటా బుట్టలు మోసేవారు, చేతిలో ఫోను పట్టుకొని లోకమంతటిని చూచేవారు వీరు. పల్లె మనిషిగా చూపిన క్రీస్తు వీరికి మరొక పాత క్యాలెండరుగా కనబడవచ్చును. దీనికి మా జవాబు ఒక్కటే. సాల్మన్ రాజ్ నుండి మనము నేర్చుకోవలసినది గుడిసెను, కుండను మరల గీయుట కాదు, అంచున నిలిచినవానిని వెదకే చూపును. ఆ చూపు ఉన్నవాడు బెంగళూరు ప్లాట్‌ఫారము మీద కూడా ప్రభువును గీయగలడు.

మూడవది, భాష. మేము పైన పేర్కొన్న ఆయన గ్రంథములు ఇంగ్లీషువి. తెలుగు నేలలో ఊరిన ఊట ఇంగ్లీషు కాలువలో పారి, దూరదేశముల పొలములను తడిపినది. ఈ లోపము ఆయన ఒక్కరిది కాదు. తెలుగులో చిత్రముల పుస్తకము కొని చదివే పాఠకులను మన సంఘములు తయారు చేయలేదు. క్రైస్తవ సాహిత్యమునకు, సంగీతమునకు ఇచ్చిన స్థలములో పదవ వంతైనను మన సెమినరీ పాఠ్యప్రణాళికలు చిత్రకళకు ఇవ్వలేదు.

8. విగ్రహమను అభ్యంతరము

ఈ చోట కొందరు సేవకులు నిర్గమకాండము 20:4ను ఎత్తి చూపుతారు. ఆ అభ్యంతరమును తేలికగా తీసివేయరాదు. విగ్రహములను విడిచి వచ్చిన కుటుంబములకు బొమ్మ అనగా భయముండుట సహజము. అయినను ఆ ఆజ్ఞనిచ్చిన గ్రంథములోనే, 31వ అధ్యాయములో, బెసలేలు అను చేతిపనివాడు దేవుని ఆత్మతో నింపబడినట్లు చదువుచున్నాము. బంగారు, వెండి, రత్నములు, చెక్క – ఇవి అతని పనిముట్లు. లేఖనములలో ఆత్మపూర్ణుడని పేరుపెట్టి చెప్పబడిన తొలివారిలో ఒకడు చేతిపనివాడగుట మనము మరచిపోరాదు. 1522లో విటెన్‌బర్గులో మందిర చిత్రములను పగులగొట్టుట ఆరంభమైనప్పుడు లూథర్ తిరిగి వచ్చి, ప్రసంగములతో దానిని ఆపెను. చిత్రమును పూజించరాదు, అయినను చిత్రమును చూచి గ్రహించుటలో పాపము లేదని ఆయన భావము.

అంతకంటె ముఖ్యమైన సంగతి ఒకటి ఉన్నది. బొమ్మలు వద్దనే మందిరములలో కూడా క్యాలెండరు ఉంటుంది. కాబట్టి మన ముందున్న ప్రశ్న "చిత్రము ఉండవచ్చునా?" అన్నది కాదు. చిత్రము ఇప్పటికే ఉన్నది. ఎవరి చిత్రము, ఏమి చెప్తున్నది అన్నదే ప్రశ్న. ఒకే ఒక్క రూపమును తరతరాలుగా చూచి "ప్రభువు ఇట్లే ఉంటాడు" అని నమ్ముటయే విగ్రహారాధనకు దగ్గర. అనేక రూపములను చూచినవాడు ఏ రూపమును పూజించడు.

9. సంఘ పరిచర్యకు కొన్ని సూచనలు

ఒకటి. బైబిలు అధ్యయన కూటములో ఒక వాక్యభాగము చదివిన తరువాత, అదే సంఘటనను చూపే రెండు చిత్రములు పెట్టండి. ఒకటి క్యాలెండరు చిత్రము, మరొకటి సాల్మన్ రాజ్‌ది గాని మరొక భారతీయ చిత్రకారునిది గాని. ఎవరు ఎక్కడ నిలుచున్నారు, ఎవరి చేతులు ఏమి చేస్తున్నవి, మీ ఊరిలో అయితే ఈ స్థలము ఎక్కడ అని అడగండి. జవాబులు మీరు చెప్పవద్దు.

రెండు. సండే స్కూలు పిల్లలకు అచ్చు బొమ్మలకు రంగులు వేయుట మాత్రమే నేర్పక, కాగితము, బొగ్గు ఇచ్చి, మంచి సమరయుని తమ ఊరి దారి మీద గీయమని చెప్పండి. పడిపోయినవాడు ఎవరు, దాటిపోయినవాడు ఎవరు అన్నది పిల్లలు గీసినప్పుడు, ఆ ఊరి పాపము కాపరికి తెలిసిపోతుంది.

మూడు. మందిరమునకు తెర గాని, బల్లగుడ్డ గాని కావలసివచ్చినప్పుడు బజారులో కొనుటకు బదులు మన కలంకారీ, అద్దకము పనివారిని అడగండి. వారు క్రైస్తవులు కానక్కరలేదు. కథను మనము చెప్పాలి, గీతను వారు గీయాలి. ఆ సంభాషణయే ఒక సాక్ష్యము.

నాలుగు. వేదాంత విద్యార్థులు సాల్మన్ రాజ్ ధ్యానములను తెలుగులోనికి తెచ్చే పనిని, అనుమతులు పొంది, తమ పరిశోధనాంశముగా తీసుకొనుట మేలు.

10. ముగింపు

లూకా సువార్త 24వ అధ్యాయములో ఎమ్మాయు దారిన ఇద్దరు శిష్యులు నడుస్తున్నారు. దారి పొడవునా ప్రభువు వారికి లేఖనములు వివరించెను. వారి హృదయములు మండినవి, అయినను వారు ఆయనను గుర్తుపట్టలేదు. బల్లయొద్ద కూర్చుండి, రొట్టె పట్టుకొని విరిచినప్పుడు వారి కన్నులు తెరవబడెను. చెవి విన్నది మొదట, కన్ను తెరుచుకున్నది తరువాత. కన్ను తెరుచుకొనే వరకు దారిలో నడిచినవాడు వారికి పరదేశియే.

మన తెలుగు సంఘము ఆ దారిలో చాలా దూరము నడిచినది. చౌదరిగారి కాలమునుండి మన హృదయములు మన పాటలో మండుచున్నవి. బల్లయొద్ద రొట్టె విరిచే చేతులు మన చేతులవంటివేనని చూచుట మిగిలియున్నది. ఒక తెలుగు కాపరి ఆ చేతులను బట్ట మీద, చెక్క మీద చూపుటకు తన జీవితమును వెచ్చించెను. వాటిని మన గోడల మీదికి, మన పిల్లల ఎదుటికి తెచ్చుట ఇక మన పని.